చెరువు వంతులకు ఏజెంట్లు: బొమ్మ నుంచి ప్రోగ్రాం దాకా ఒక యాసంగి డైరీ

నవంబరు

యాసంగిలో చెరువు సగమే నిండినప్పుడు నీటి వంతులు ఎలా వేస్తే చివరి ఆయకట్టు ఎండకుండా నిలబడుతుంది? ఈ ప్రాజెక్టు ఆ ఒక్క ప్రశ్న కోసమే. తెలంగాణలోని ఒక గొలుసుకట్టు చెరువును, దాని తూముల్లో ఒకదాన్ని, ఆ తూము కాలువ కింద సాగు చేసే రైతులను కంప్యూటర్లో ఏజెంట్లుగా, అంటే తమంత తాము నిర్ణయాలు తీసుకునే చిన్న ప్రోగ్రాంలుగా నిలబెట్టి, వంతుల పద్ధతులను ఒకదాని తర్వాత ఒకటి నడిపి చూడాలని పూనుకున్నాను.

దీనికి లెక్కల పట్టిక చాలదా అని మిత్రులు అడిగారు. చెరువులో ఉన్న నీటిని ఎకరాలతో భాగిస్తే ఎన్ని తడులో తేలుతుంది. తైబందీ, అంటే ఈసారి ఏ మడులకు నీరివ్వాలన్నది, నిర్ణయించే రోజు ఊళ్లో జరిగే లెక్క కూడా దాదాపు అదే. అయినా తైబందీలోకి వచ్చిన మడి సైతం ఫిబ్రవరి దాటేసరికి నెర్రెలు బారుతుంది. తూము ఎత్తే నీరటి, తూము పక్కనే పొలం ఉన్న రైతు, కాలువ చివర పొలం ఉన్న రైతు, వంతుల పట్టిక రాసిన కమిటీ: వీళ్లలో ఎవరు ఎవరి మీద దేనికి ఆధారపడ్డారో ఆ లెక్కలో ఎక్కడా కనిపించదు. నాకు కావలసింది అది కనిపించే నమూనా, పైగా నడిచే నమూనా.

కనిపించే నమూనా కోసం ఐ-స్టార్ అనే బొమ్మల పద్ధతిని తీసుకున్నాను. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో ఎరిక్ యూ 1995లో సమర్పించిన పీహెచ్‌డీ పరిశోధనలో ఇది రూపుదిద్దుకుంది. ఒక వ్యవస్థ ఏం చేయాలో రాసుకునే ముందు, అది ఎవరికి కావాలి, ఎందుకు కావాలి, దానికోసం వాళ్లు ఎవరి మీద ఆధారపడ్డారు అని అడగడం దీని పద్ధతి. ఇందులో రెండు బొమ్మలు ఉంటాయి. ఒకదానిలో పాత్రధారులు, వాళ్ల మధ్య ఆధారాలు, అంటే ఎవరు దేనికి ఎవరి మీద ఆధారపడ్డారన్నది. రెండోదానిలో ఒక్కో పాత్రధారి లోపలి ఆలోచన: ఏ లక్ష్యం కోసం ఏ పని, ఆ పనిలో ఏ ముక్కలు, ఏది దేనికి మేలు, దేనికి చేటు.

నడిచే నమూనా వైపు నమ్మకం, కోరిక, సంకల్పం అన్న మూడు మాటల మీద నిలిచిన సంప్రదాయం ఉంది. తత్త్వవేత్త మైకేల్ బ్రాట్‌మన్ 1987లో మనిషి సంకల్పం గురించి రాసిన సిద్ధాంతం దీనికి పునాది. ఇంచుమించు ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థలో మైకేల్ జార్జెఫ్, ఏమీ లాన్స్కీ ఇదే తరహాలో తర్కించే వ్యవస్థను నిర్మించారు. అంతరిక్ష షటిల్‌లోని చిన్న రాకెట్ల వ్యవస్థలో లోపాలు పసిగట్టే పనికి దాన్ని పరీక్షించారు. అప్పట్లో అలాంటి వ్యవస్థలు పనిచేస్తుండేవి, తర్కశాస్త్రంలో వాటి గురించిన సిద్ధాంతమూ పెరుగుతుండేది, కానీ ఈ రెండింటికీ మధ్య వంతెన లేదు. ఆ లోటు తీర్చడానికి అప్పుడు మెల్‌బోర్న్‌లో పనిచేస్తుండిన ఆనంద్ రావు 1996లో ఏజెంట్‌స్పీక్ అనే చిన్న భాషను ప్రతిపాదించారు. ప్రతి అడుగుకూ అర్థం కచ్చితంగా నిర్వచించిన భాష అది.

బొమ్మను, భాషను కలపాలన్న ఆలోచనకు మార్గదర్శకులు ఉన్నారు. ఆస్ట్రేలియాలోని ఊలంగాంగ్ విశ్వవిద్యాలయంలో ఆదిత్య ఘోష్, అనీష్ కృష్ణ, వాళ్ల సహచరులు ఐ-స్టార్‌ను ఏజెంట్‌స్పీక్‌తోనూ, నెదర్లాండ్స్‌లో పుట్టిన త్రిపుల్ ఏపీఎల్ అనే మరో ఏజెంట్ల భాషతోనూ జతచేసి చూపించారు. బొమ్మ నుంచి ప్రోగ్రాం ఒకసారి పుట్టి ఊరుకోకూడదు, రెండూ పక్కపక్కనే ఎదగాలి, ఒకటి మారితే రెండోదానిలో ఏం మారాలో తెలియాలి అన్నది వాళ్ల ధోరణి. నన్ను ఈ పనిలోకి లాగింది ఆ మాటే.

భాష ఎంపిక దగ్గర కొన్నాళ్లు ఆగాను. త్రిపుల్ ఏపీఎల్ నియమాల తీరు నాకు చాలా ఇష్టం. చేతలకు ముందు షరతు, తర్వాత ఫలితం విడిగా రాసుకునే ఏర్పాటు అందంగా ఉంటుంది. అయితే ఈరోజు పని జరగాలంటే వాడుకలో ఉన్న పనిముట్టు కావాలి. రఫాయెల్ బోర్దీని, జోమీ హ్యూబ్నర్ తీర్చిదిద్దిన జేసన్ అలాంటిది. అది ఏజెంట్‌స్పీక్‌ను నడుపుతుంది, జావా భాషలో రాసింది, లోపలి భాగాలు విప్పి మార్చుకోవచ్చు. ఆ చివరి సౌలభ్యం ఫిబ్రవరిలో ఎంత పనికొచ్చిందో కింద రాస్తాను.

డిసెంబరు మొదటి సగం

బొమ్మ గీయడానికి పైస్టార్ వాడుతున్నాను. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, 2016లో సవరించి ప్రమాణీకరించిన రెండో కూర్పు ఐ-స్టార్‌ను పాటిస్తుంది, బొమ్మను మామూలు పాఠంగా దాచుకోనిస్తుంది. ఆ పాఠాన్ని ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాం చదవగలదు కాబట్టి బొమ్మకూ భాషకూ మధ్య దారి అక్కడే దొరికింది.

ఐ-స్టార్‌లో ఆధారాలు నాలుగు రకాలు. చెరువు కింద నాలుగూ ఉన్నాయి. రైతు నీరటి మీద ఆధారపడేది ‘మడికి తడి అందాలి’ అన్న లక్ష్యానికి. ఎలా అందించాలో నీరటి ఇష్టం. కమిటీ నీరటి మీద ఆధారపడేది ‘పట్టిక ప్రకారం తూము ఎత్తాలి, దించాలి’ అన్న పనికి; ఇక్కడ ఎలా చేయాలో కూడా కమిటీయే చెబుతుంది. నీరటి రైతుల మీద ఆధారపడేది కోతలయ్యాక వచ్చే ధాన్యానికి, అంటే ఒక వనరుకు. ఇక రైతులందరూ కమిటీ నుంచి ఆశించేది ‘న్యాయంగా జరగాలి’ అన్నది. ఇంత జరిగితే న్యాయం జరిగినట్టు అని గీత గీసి చెప్పలేం కాబట్టి దీన్ని మృదు లక్ష్యం అంటారు. కొత్త కూర్పులో దీనికి పేరు మారింది గానీ నేను పాత పేరే వాడుతున్నాను. దాని స్వభావం ఆ పేరులోనే బాగా తెలుస్తోంది.

కమిటీ అని నేను రాస్తున్నది నీటి వినియోగదారుల సంఘం తరహా వ్యవస్థను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన రైతుల సాగునీటి యాజమాన్య చట్టం ఇలాంటి సంఘాలకు రూపం ఇచ్చింది. నీరటి అంతకు ఎంతో ముందునుంచీ ఉన్నాడు. బొమ్మలో ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టినప్పుడు రెండు కాలాల అధికారం ఒకే తూము మీద కూర్చున్నట్టు స్పష్టంగా కనిపించింది.

గీసిన బొమ్మను ఫోనులో ఆ చెరువు నీరటికి చూపించాను. గీతల అర్థం చెబుతూ పోతే ఓపిగ్గా విన్నాడు. కమిటీ నుంచి తన దాకా వచ్చిన గీత దగ్గర ఆపాడు.

“పట్టిక సరే బాబూ. పొట్ట మీదున్న వరి కళ్ల ముందు ఎండుతుంటే పట్టిక పట్టుకొని కూర్చోమంటావా?”

“అప్పుడు ఏం చేస్తావు పెద్దయ్యా?”

“రాత్రి పూట అర తడి ఇస్తాను. పొద్దున్నే కమిటీవాళ్లకు చెబుతాను.”

ఈ నాలుగు మాటల్లో నా బొమ్మకు ఎంత సరుకు దొరికిందో! నీరటి లోపలి ఆలోచన బొమ్మలో ‘పంట దక్కాలి’ అన్న మృదు లక్ష్యం చేరింది. తడి ఇవ్వడానికి ‘రాత్రి అర తడి’ అన్న రెండో మార్గం చేరింది. ఆ మార్గం పంటకు మేలు, కమిటీ మాటకు చేటు. ‘పొద్దున్నే చెప్పడం’ ఆ చేటును కొంత తగ్గించే పని. వెన్ను బయటపడే ముందు వచ్చే పొట్ట దశలో నీటి ఎద్దడి వరిని ఎంత దెబ్బ తీస్తుందో వ్యవసాయ పుస్తకాలన్నీ చెబుతాయి. ఆ సంగతి ఒక మనిషి నిర్ణయంలోకి ఎలా వస్తుందో చెప్పింది మాత్రం ఆయన.

డిసెంబరు చివర

మొదటి అనువాద నియమాలు సులువుగా వచ్చాయి. పాత్రధారికి ఒక ఏజెంటు. వనరుకు, ఆ పాత్రధారికి తెలిసిన సంగతులకు నమ్మకాలు. పనికి ఒక ప్రణాళిక. పనిని ముక్కలు చేసిన చోట ప్రణాళిక ఒంట్లో వరస అడుగులు. ఒక లక్ష్యానికి పలు మార్గాలు ఉన్నచోట ఒకే ఘటనకు పలు ప్రణాళికలు. పైథాన్ ప్రోగ్రాం బొమ్మ పాఠం చదివి ఈ అస్థిపంజరాన్ని రాసి ఇస్తుంది. లోపలి సందర్భాలు నేను నింపుతాను.

ఏజెంట్‌స్పీక్ ప్రణాళికకు మూడు భాగాలు: దాన్ని లేపే ఘటన, అది చెల్లే సందర్భం, చేయవలసిన అడుగులు. ఈ డైరీలో పేర్లన్నీ తెలుగులో రాస్తున్నాను. ఒంటరి అక్షరం కనిపిస్తే అది చరరాశి.

+!తడి_అందాలి(మ) : వంతు(మ)
    ← తూము_ఎత్తు; కాలువ_తిప్పు(మ); తూము_దించు.

చదవడానికి బాగుంది. కానీ ఐ-స్టార్ అర్థానికి, ఈ భాష అర్థానికి మధ్య ఉన్న అసలు దూరం ఇక్కడే ఉంది. బొమ్మలో లక్ష్యం అంటే లోకం ఒక స్థితికి చేరడం: మడి తడిసి ఉండాలి. భాషలో ఆశ్చర్యార్థకం గుర్తుతో మొదలయ్యే లక్ష్యం ప్రణాళికను లేపే ఘటన మాత్రమే. మూడు అడుగులూ పూర్తయితే ఆ లక్ష్యం నెరవేరినట్టే లెక్క. మడిలో చుక్క నీరు లేకపోయినా నీరటి ఏజెంటు తన పని ముగిసిందనుకొని తర్వాతి వంతుకు వెళ్లిపోతుంది. పని, లక్ష్యం అన్న రెండు వేర్వేరు ఆకారాలను ఎరిక్ యూ ఎంతో ఆలోచించి విడదీశారు. భాషలోకి వచ్చేసరికి రెండూ ఒకే గుర్తులో కలిసిపోతున్నాయి.

దీనికి జేసన్ వాడేవారికి తెలిసిన ఒక అమరిక ఉంది. నేను దాన్ని అనువాద నియమంగా స్థిరపరిచాను: బొమ్మలో పని అయితే పై రూపమే చాలు, లక్ష్యం అయితే తప్పకుండా ఈ రూపం ఉండాలి.

+!తడి_అందాలి(మ) : తడిసింది(మ) ← నిజం.

+!తడి_అందాలి(మ) : వంతు(మ)
    ← తూము_ఎత్తు; కాలువ_తిప్పు(మ); తూము_దించు; ?తడిసింది(మ).

-!తడి_అందాలి(మ) : మిగిలిన_పూటలు(న) & న > 0
    ← !తడి_అందాలి(మ).

మొదటిది: ఇప్పటికే తడిసి ఉంటే చేయవలసింది లేదు. రెండోదానిలో చివరి ప్రశ్న గుర్తు, అడుగులన్నీ అయ్యాక నిజంగా తడిసిందా అని ఏజెంటు తన నమ్మకాలను అడగడం. ఆ నమ్మకం లేకపోతే ప్రణాళిక విఫలమవుతుంది, మూడోది లేస్తుంది. ఇప్పుడు లక్ష్యం అన్న మాటకు బొమ్మలోనూ భాషలోనూ ఒకే అర్థం.

ఇది రాయగానే ఇంకో ప్రశ్న లేచింది. ‘తడిసింది’ అన్న నమ్మకం నీరటికి ఎక్కణ్నుంచి వస్తుంది? జావాలో రాసిన పరిసరంలో, అంటే ఏజెంట్లు మసిలే నమూనా లోకంలో, కాలువను వరసగా గళ్లుగా పేర్చాను. నీరు ఒక్కో గడి దాటుతూ, మడిలోకి నీరు మళ్లించే మడవలు తెరిచి ఉంటే వాటిలోకి చీలుతూ, కొంత ఇంకిపోతూ వెళుతుంది. ఏ ఏజెంటుకు ఏది కనిపించాలో విడివిడిగా చెప్పే వీలుంది. తూము దగ్గర నిలబడినవాడికి కాలువ చివరి మడి కనిపించదు. కాబట్టి ఆ కబురు చివరి రైతే చెప్పాలి. అంటే నీరటి కూడా చివరి రైతు మీద ఆధారపడ్డాడు, సమాచారం అన్న వనరు కోసం. నా బొమ్మలో ఆ గీత లేదు. నీరటీ చెప్పలేదు, రైతూ చెప్పలేదు. ఫోన్లు వచ్చాక అది వాళ్లకు చెప్పుకోదగ్గ విషయంగా తోచి ఉండదు. భాష అడిగింది కాబట్టి బయటపడింది. వెనక్కి వెళ్లి బొమ్మలో గీత గీశాను.

జనవరి

నాట్లు ముగుస్తున్న రోజులు. నేను ఆధారాలను సందేశాలుగా మారుస్తున్నాను.

ఏజెంట్లు ఒకదానికొకటి పంపుకొనే మాటలకు జేసన్‌లో రకాలు ఉన్నాయి. ఇది జరిగేలా చూడు అని అప్పగించడం, ఈ సంగతి చెప్పు అని అడగడం, ఇది నిజం అని చెప్పడం, ఇలా చెయ్యి అని ప్రణాళికనే పంపడం. వీటిని ఐ-స్టార్ ఆధారాల పక్కన పెట్టి చూస్తే పొందిక అద్భుతంగా కుదిరింది. లక్ష్యపు ఆధారం అప్పగింత అవుతుంది. ఎలా అన్నది అందుకున్నవాడి ప్రణాళికల్లో ఉంటుంది. పనికి సంబంధించిన ఆధారం ప్రణాళికను పంపడం అవుతుంది. ఎలా అన్నది పంపినవాడిదే. సమాచార వనరు అయితే అడగడం, చెప్పడం. ధాన్యం లాంటి భౌతిక వనరు పరిసరంలో చేతులు మారుతుంది.

ప్రణాళికను పంపే చోట అధికారం ప్రశ్న వచ్చింది. కమిటీ పంపిన ప్రణాళికను నీరటి స్వీకరిస్తాడు. అదే ఒక రైతు ‘తూము ఇలా ఎత్తు’ అని పంపితే? ఊళ్లో ఆ మాట చెల్లదు. జేసన్‌లో ప్రతి సందేశాన్నీ ఒప్పుకోవాలా వద్దా అని తేల్చే చిన్న భాగం ఉంది. మామూలుగా అది అన్నిటికీ సరే అంటుంది. దాన్ని మార్చి, బొమ్మలో తగిన ఆధారం ఉన్నప్పుడే సందేశం లోపలికి వచ్చేలా చేశాను. ఎవరి మాట ఎవరికి చెల్లుతుందన్నది ఇప్పుడు బొమ్మే నిర్ణయిస్తోంది.

ఇంకొకటి, దీన్ని గట్టిగా పట్టుకోవాలి. అప్పగింత సందేశం పంపగానే పంపినవాడి అడుగు సఫలం. అవతలివాడు చేశాడా లేదా అన్నది పంపినవాడికి తనంత తానుగా తెలియదు. ఐ-స్టార్ ప్రాణం ఉన్నది సరిగ్గా ఈ ఖాళీలోనే: ఆధారపడ్డవాడు తాను ఒంటరిగా సాధించలేనిది సాధించగలుగుతాడు, అదే సమయంలో అవతలివాడు చేయకపోతే నష్టపోయే స్థితిలోకి వెళతాడు. ఆ నష్టభయం ప్రోగ్రాంలో లేకపోతే బొమ్మ గీసి లాభం లేదు. అందుకని ప్రతి ఆధారానికీ ఆధారపడ్డవాడి వైపు మూడు ముక్కలు తప్పనిసరి చేశాను: అప్పగింత, గడువుతో ఎదురుచూపు, గడువు దాటితే లేచే వైఫల్య ప్రణాళిక.

+!పంట_నిలవాలి(మ) : వంతు(మ)
    ← .పంపు(నీరటి, సాధించు, తడి_అందాలి(మ));
       .ఆగు(+తడిసింది(మ), గడువు).

-!పంట_నిలవాలి(మ) : నిజం ← !ఎవరిని_ఆశ్రయించాలి(మ).

ఈ రూపంలో మొదటిసారి మొత్తం నడిపినప్పుడు చివరి రైతు మడి తడవలేదు. నీరటి ఏజెంటు మళ్లీ మళ్లీ తూము ఎత్తింది. ఏజెంటు మనసులో ఏముందో చూపించే మైండ్ ఇన్‌స్పెక్టర్ తెరిచి చూస్తే నమ్మకాలు సరిగ్గా ఉన్నాయి, సంకల్పాలు సరిగ్గా ఉన్నాయి. కాలువలో ఇంకుడును సున్నా చేసి చూసినా ఫలితం మారలేదు. నీరు వెళ్లింది ఎగువ మడుల్లోకి. తమ వంతు ముగిసినా ఎగువ రైతుల మడవలు తెరిచే ఉన్నాయి, ఎందుకంటే వాటిని మూయమని వాళ్లను అడిగేవారు నమూనాలో ఎవరూ లేరు.

అదే సమయంలో ‘ఎవరిని ఆశ్రయించాలి’ అన్న ప్రణాళిక ఒళ్లు రాయాల్సి వచ్చింది. నీరటిని మళ్లీ అడగవచ్చు, కమిటీకి వెళ్లవచ్చు. చివరి రైతు స్థానంలో నన్ను నిలబెట్టుకుంటే మొదట వెళ్లేది కాలువ గట్టు వెంట పైకి. మడవ తెరిచి ఉన్న పొలం దగ్గరికి వెళ్లి ఆ రైతుతో మాట్లాడతాను. ఆ ఇద్దరి మధ్య బొమ్మలో ఒక్క గీత కూడా లేదు. అందరి గీతలూ నీరటి దగ్గరికో కమిటీ దగ్గరికో వెళ్లాయి. అధికారికంగా నీటి పంపకం గురించి ఎవరిని అడిగినా అలాగే చెబుతారు మరి. ‘వంతు ముగిశాక మడవ మూయాలి’ అన్న ఆధారం చివరి రైతు నుంచి ఎగువ రైతుకు గీశాను.

గీశాక కూడా ఎగువ రైతు ఎందుకు మూయాలన్న ప్రశ్న మిగిలింది. ఎరిక్ యూ తొలి పరిశోధనలోనే దీనికి దారి ఉంది. ఆధారం ఎంత తీవ్రమైనదో ఆయన మూడు మెట్లుగా చెప్పారు. అవతలివాడు మాట తప్పకుండా ఉండటానికి ఎదురు ఆధారం ఉందా అని వెతకమన్నారు. చెరువు కింద ఎదురు ఆధారాలు పుష్కలం. కోతల సమయంలో హార్వెస్టర్ దిగువ పొలం మీదుగా రావలసిన మడులు ఉన్నాయి. నాట్లప్పుడు ఒకరి పొలానికి ఒకరు మనుషులను పంపుకొనే బదులు ఉంది. కమిటీలో ఓటు ఉంది. ఎగువ రైతు ఏజెంటులో ‘హార్వెస్టర్‌కు దారి’ అన్న వనరు ఆధారం చేర్చి, మడవ మూసే ప్రణాళిక సందర్భంలో దాన్ని పెట్టాను. ఎదురు ఆధారం ఉన్న జంటల మధ్య మడవలు మూతపడ్డాయి. ఏ ఎదురు ఆధారమూ లేని రైతు, అంటే దారి పక్కనే పొలం ఉండి ఎవరి అవసరమూ లేనివాడు, మూయలేదు. వంతుల పట్టికను ఎలా మార్చినా ఆ ఒక్క మడి కింద ఉన్నవాళ్ల గతి మారలేదు. ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నాకు అన్నిటికంటే విలువైన ఫలితం ఇదే. వంతుల క్రమం మీద కమిటీ ఎంత చర్చించినా, నీటి దారి ఆ జంటల మధ్యే తేలుతోంది. అలాంటి మడి దగ్గర కమిటీ సొంతంగా ఒక మనిషిని పెట్టాలి, లేదా ఎదురు ఆధారం ఏదైనా కల్పించాలి.

ఫిబ్రవరి

పొట్ట దశ వచ్చేసింది, నమూనాలోనూ, పొలంలోనూ.

మృదు లక్ష్యాలను ఇంతవరకు పక్కన పెట్టాను. వాటిని సందేశంగా పంపలేం. ‘న్యాయంగా ఉండు’ అని ఏజెంటుకు అప్పగిస్తే దాన్ని నెరవేర్చే ప్రణాళిక అంటూ ఉండదు. కొందరు వాటిని అనువాదంలో వదిలేసి వ్యాఖ్యలుగా రాసి పెడతారు. నాకది ఒప్పుకోబుద్ధి కాలేదు. రైతులు కమిటీ నుంచి కోరేదే న్యాయం అయినప్పుడు, అది లేని ప్రోగ్రాం చెరువు నమూనా ఎలా అవుతుంది?

మృదు లక్ష్యం పనిచేసేది ఎంపికలో. వంతు కాని మడి నుంచి పొట్ట దశలో విన్నపం వస్తే నీరటి ముందు మూడు మార్గాలు ఉన్నాయి: పట్టిక ప్రకారం ఆగమనడం, రాత్రి అర తడి ఇవ్వడం, కమిటీకి నివేదించడం. మూడు ప్రణాళికల సందర్భాలూ ఒకేసారి చెల్లుతాయి. అలాంటప్పుడు ఏది ఎంచుకోవాలో ఆనంద్ రావు తన భాషలో నిర్దేశించలేదు; ఎంపిక ప్రమేయం అన్న ఖాళీ పెట్టి దాన్ని నిర్మించేవారికి వదిలారు. జేసన్ ఏమీ చెప్పకపోతే ఫైలులో ముందు రాసి ఉన్న ప్రణాళికను తీసుకుంటుంది. అంటే నేను ఏ ప్రణాళికను పైన రాశానో అదే ఆ చెరువు న్యాయం అవుతుంది, ఎవరికీ కనిపించకుండా. ఇలాంటి నిర్ణయం రాసేవాడి చేతిలో ఉండకూడదని నా గట్టి నమ్మకం.

జేసన్ ఎంపిక ప్రమేయాన్ని తిరిగి రాశాను. బొమ్మలో ఉన్న మేలు, చేటు గీతలను పైథాన్ ప్రోగ్రాం ప్రణాళికల మీద గుర్తులుగా అంటిస్తుంది:

@అర_తడి[పంట_దక్కాలి(మేలు), సమానత(చేటు), కమిటీ_మాట(చేటు)]
@ఆగమను[పంట_దక్కాలి(భంగం), సమానత(మేలు), కమిటీ_మాట(సిద్ధి)]
@నివేదించు[పంట_దక్కాలి(చేటు), సమానత(మేలు), కమిటీ_మాట(మేలు)]

ఐ-స్టార్‌లో ఈ ప్రభావాలకు నాలుగు మెట్లు ఉన్నాయి: సిద్ధింపజేసేది, మేలు చేసేది, చేటు చేసేది, భంగపరిచేది. వీటికి అంకెలు తగిలించి కూడితే ఒక మొత్తం వస్తుంది, కానీ ఆ మొత్తానికి ఊళ్లో అర్థం లేదు. సమానతకు మూడు మార్కులు, పంటకు నాలుగు మార్కులు అని ఏ కమిటీ ఒప్పుకుంటుంది? దానికి బదులు ఎంపిక రెండు అంచెల్లో సాగుతుంది. దాటరానిది అని ప్రకటించిన మృదు లక్ష్యాన్ని భంగపరిచే ప్రణాళికలను ముందే తొలగిస్తుంది. మిగిలినవాటిని ప్రాధాన్య క్రమంలో ఒక్కో మృదు లక్ష్యం దగ్గర పోల్చుతూ వెళుతుంది. ఆ ప్రాధాన్య క్రమం జావాలో లేదు, నీరటి ఏజెంటు నమ్మకాల్లో ఉంది. కమిటీ ఏజెంటు ఒక సందేశంతో దాన్ని మార్చగలదు. మార్చింది ఎవరో కూడా నమ్మకం పక్కనే నమోదవుతుంది. జేసన్ ప్రతి నమ్మకానికీ అది ఎక్కణ్నుంచి వచ్చిందో గుర్తు పెట్టుకుంటుంది.

పంటను దాటరానిదిగా పెట్టి నడిపితే ‘ఆగమను’ తొలగిపోయింది, అర తడులు పెరిగాయి. ఎగువ మడులు ముందు నాటినవి కాబట్టి పొట్ట దశకు కూడా ముందే వస్తాయి. రాత్రి నీరు వాళ్లకే వెళ్లింది. చివరి మడులు పొట్ట మీదికి వచ్చేసరికి చెరువులో నీరు తూము మట్టానికి దిగిపోయింది. ఒక్కో సందర్భంలో చూస్తే నీరటి నిర్ణయం ప్రతిసారీ దయగలదే. మొత్తం కాలం మీద ఆ దయ ఎగువకే చేరింది. ఇది చూశాక ‘పంట దక్కాలి’ అన్న మృదు లక్ష్యాన్ని బొమ్మలో రెండుగా చీల్చాను: ఇప్పుడు అడుగుతున్న పంట, రాబోయే వారాల్లో అడగబోయే పంట. రెండోదానికి నీరటి దగ్గర ఒక కొత్త నమ్మకం కావాలి, ఎవరు ఎప్పుడు నాటారన్నది. ఆ సమాచారం ఊళ్లో నీరటికి ఎప్పుడూ నోటి మీదే ఉంటుంది.

మార్చి

బొమ్మకూ ప్రోగ్రాంకూ మధ్య కాపలా పెట్టాను. ప్రతి గీతకూ, ప్రతి ఆకారానికీ ఒక గుర్తింపు సంఖ్య. పైథాన్ ప్రోగ్రాం రెండు వైపులా చదివి తేడాలు చెబుతుంది: ప్రణాళిక లేని లక్ష్యం, చివరి ప్రశ్న లేని లక్ష్య ప్రణాళిక, వైఫల్య ప్రణాళిక లేని ఆధారం, బొమ్మలో గీత లేని సందేశం. చెబుతుంది అంతే, తనంత తానుగా ఏదీ సరిచేయదు. గీత లేని సందేశం కనిపిస్తే అది అక్కర్లేని సందేశమా, లేక బొమ్మకు తెలియని సంబంధమా అన్నది మనిషి తేల్చాలి. జనవరిలో ఆ మడవ సంగతిని యంత్రం తానే సర్దేసి ఉంటే నాకు ఏమీ తెలిసేది కాదు.

తర్వాత అడుగు రుజువు. నడిపి చూసినప్పుడు ఎండలేదంటే ఎప్పటికీ ఎండదని కాదు. బోర్దీని, మైకేల్ ఫిషర్, మరికొందరు 2003లో ఏజెంట్‌స్పీక్‌ను పరిమిత రూపానికి కుదించి, స్పిన్ అనే తనిఖీ పనిముట్టు భాషలోకి మార్చి, ప్రోగ్రాం నడవగల మార్గాలన్నిటినీ వెతికే దారి చూపారు. నాకు రుజువు కావలసిన వాక్యం చిన్నది: వంతు వచ్చిన ప్రతి మడీ, చెరువులో నీరు తూము మట్టానికి పైన ఉన్నంతవరకు, తన గడువు లోపల తడుస్తుంది. దీనికోసం కాలువ గళ్లను తగ్గించి, ఒక ఎగువ రైతు, ఒక చివరి రైతు, ఒక నీరటితో చిన్న చెరువు తయారుచేస్తున్నాను. ఎదురు ఆధారం ఉన్నప్పుడు ఈ వాక్యం నిలబడాలి, లేనప్పుడు ఎక్కడ విరిగిందో తనిఖీ చూపించాలి.

రెండో తూమును కలిపే పని కూడా మొదలైంది. అక్కడ నీరటి వేరే మనిషి, ఒక్కోసారి ఇద్దరూ ఒకరి బదులు ఒకరు వెళతారు. ఐ-స్టార్‌లో పాత్ర వేరు, ఆ పాత్రను పోషించే మనిషి వేరు. ఆ తేడా గీయడానికి బొమ్మలో చోటుంది. జేసన్‌లో ఒంటరిగా దానికి చోటు లేదు, ఏజెంటే అన్నీ. జేసన్‌తో కలిసి పనిచేసే మోయిస్ అనే సంస్థాగత నమూనాలో పాత్రలు, బాధ్యతలు, నియమాలు విడిగా రాయవచ్చు. కమిటీ పట్టికను నీరటి ఏజెంటు లోపలి నుంచి తీసి, పాత్రకు అంటిన బాధ్యతగా అక్కడ పెట్టి చూడాలి. అలా చేస్తే ఒక నీరటి సెలవు పెట్టిన రోజు రెండో నీరటికి పట్టిక అందుతుంది. ఎవరు ఎప్పుడు నాటారన్న సమాచారం మాత్రం మొదటి మనిషి నమ్మకాల్లోనే ఉండిపోతుంది. అది చేతులు మారడానికి ఇద్దరు నీరటుల మధ్య ఒక ఆధారం గీయాలి. ఈ వారం దాని మీదే ఉన్నాను.